ఉపమాక తీర్థములో విశ్వవిద్యాలయమునకు పరీక్ష

విశ్వవిద్యాలయములకు నేడొక క్రొత్త పండుగ వచ్చినది. తమ పరిశోధనలు ప్రజాజీవితమున కెట్లు ఉపకరించినవో లోకమునకు జూపు పండుగ యది. పందిళ్ళు వేయుదురు, రంగురంగుల పటములు వ్రేలాడదీయుదురు, ఒక్కొక్క పటము చెంత నొక యువపరిశోధకుడు నిలిచి, వచ్చిన యతిథికి తన యేండ్లతరబడి కృషిని మూడు నిమిషములలో వినిపించును. అతిథులు తలలూపుదురు, ఛాయాచిత్రములు తీయించుకొందురు, జ్ఞాపికలు పుచ్చుకొందురు. సాయంకాలమునకు పందిరి విప్పుదురు. ఆ పటములలోని బొమ్మలలో రైతు కలడు, జాలరి కలడు, నీళ్ళబిందె చంకనెత్తుకొన్న పల్లెపడుచు కలదు. పందిరి క్రింద మాత్రము వారిలో నొక్కరును లేరు.

ఈ పండుగను మేము పరిహసించుటలేదు. పండితుడు తన గదితలుపు తెఱచి వెలుపలికి వచ్చుట మంచిదే. ప్రజల పన్నులతో నడచు విద్యాపీఠము ఆ పన్నులు కట్టువారికి లెక్క చెప్పవలెనను తలంపు పుట్టుట యింకను మంచిది. మా యాక్షేపణ యొక్కటే. లెక్క చెప్పువాడును తానే, వినువాడును తానే, సరిచూచి సంతకము చేయువాడును తానే యయినచో అది లెక్క యెట్లగును? పూర్వము పల్లెటూరి కరణము సైతము జమాబందినాడు మఱియొకరి యెదుట చిట్టా విప్పెడివాడు గదా!

ఫలితమును మార్కులతో కొలుచు పద్ధతి సీమలో బాగుగా పాతుకొన్నది. బ్రిటనులో 2014వ సంవత్సరమున విశ్వవిద్యాలయముల పరిశోధనలను తూచినప్పుడు, వానివలన సంఘమునకు గలిగిన ఫలితమునకు నూటికి 20 పాళ్ళు విలువ గట్టిరి. 2021లో దానిని 25కు పెంచిరి. ఆ తూకమునుబట్టియే ప్రభుత్వధనము పంచబడును. ఫలితమునకు డబ్బు ముడిపడినంతనే ఫలితమును వర్ణించు కళ యొకటి బయలుదేరుట సహజము. ఐనను ఆ దేశమున ఫలితమును నిగ్గుదేల్చుటకు విశ్వవిద్యాలయమునకు వెలుపలివారిని గూడ పిలిచి పీట వేసిరి. మనము పండుగను దిగుమతి చేసికొంటిమి. పరీక్షకులను ఓడలోనే విడిచి వచ్చితిమి.

మన కొలబద్దను చూడుడు. 2015లో కేంద్రప్రభుత్వము ఉన్నతవిద్యాసంస్థలకు శ్రేణులు నిర్ణయించు విధానమును ప్రకటించి, 2016లో మొదటి పట్టిక వెలువరించినది. అందు జనులను చేరుట, అందఱిని కలుపుకొనుట అను శీర్షికకు నూటికి 10 మార్కులు. పది మార్కులైనను పల్లెకు దక్కినవిగదా యని చదువరులు సంతోషింతురేమో! దక్కలేదు. ఇతర రాష్ట్రముల విద్యార్థు లెందఱు, స్త్రీ లెందఱు, పేదవర్గములవా రెందఱు, అంగవైకల్యము గలవారికి వసతులెట్టివి యను లెక్కలకు ఆ పది మార్కులును పోవుచున్నవి. అవియు గావలసిన లెక్కలే. వానిని మేము తక్కువ చేయము. కాని యొక గ్రామమున బావినీరు బాగుపడెనా, ఒక పంటకు తెగులు తగ్గెనా యను ప్రశ్నకు ఆ పట్టికలో చోటులేదు. 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ అను పేర మఱియొక పథకము వచ్చినది. ఒక్కొక్క విద్యాసంస్థ యైదేసి గ్రామములను దత్తత గైకొనవలెనట! ఆ మాటయే మాకు గిట్టదు. పదిహేనేండ్ల క్రితము పునాదిరాయి వేసికొన్న కళాశాల, తరతరములుగా దీపము వెలుగుచున్న గ్రామమును దత్తు తీసికొనుట యేమి? తల్లిని బిడ్డ దత్తు చేసికొనుట ఏ ధర్మశాస్త్రమున నున్నది?

పండుగలు లేని కాలమున పరిశోధన ప్రజలను చేరలేదా? గోదావరి మండలమున చెఱకునకు ఎఱ్ఱకుళ్ళు తెగులు సోకి తోటలకు తోటలు నాశనమగుచున్నప్పుడు, 1902లో సామర్లకోటయందు చెఱకు పరిశోధనక్షేత్రము నెలకొల్పిరి. బార్బరు అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆ పనిని నడిపెను. 1912లో కోయంబత్తూరున చెఱకు వంగడముల సంస్థ వెలసినది. అచ్చట వెంకటరామన్ గారు అడవి రెల్లుతో చెఱకును సంకరము చేసిరి. ఆ సంకరమునుండి పుట్టిన కో 205 రకము 1918లో ఉత్తరదేశపు రైతుల చేతికి పోయినది. 1913లో మన అనకాపల్లిలో చెఱకు పరిశోధనాస్థానము ఏర్పడినది. తెల్లదొరల ప్రభుత్వము తన లాభము చూచుకొనియే యీ పనులు చేసినదనుటలో సందేహములేదు. ఐనను పరిశోధకుడు పొలములోనికి దిగెను. రైతు కన్నులార చూచెను. మొలచినదానిని నాటుకొనెను, మొలవనిదానిని పాఱవైచెను. ఆ పరీక్షకు పటములతో బనిలేదు.

స్వతంత్రభారతమున జరిగిన కథ చెప్పుదము. బాపట్లలో పుట్టి 1986లో విడుదలయైన బి.పి.టి. 5204 అను వరిరకమును సాంబమసూరి యందురు. నేడు తెలుగువాని విస్తరిలో అదియే అన్నము. దానికి ఏ వేదికమీద ఏ జ్ఞాపిక నిచ్చిరో మాకు దెలియదు, తెలిసికొన నవసరమును లేదు. రైతు నారుపోసెను, ఇల్లాలు వండెను, పిల్లలు తినిరి. 1964లో స్థాపితమై నేడు ఆచార్య ఎన్. జి. రంగా పేరు దాల్చిన వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు ఇంతకంటె గొప్ప బిరుదు ఏ శ్రేణీపట్టిక యిచ్చును?

అయితే ప్రతి పరిశోధనయు సాంబమసూరి కాజాలదు. కానిదాని కథయే ముందు జెప్పవలసినది. ఆ కథ అనకాపల్లి బెల్లములోనే యున్నది.

అనకాపల్లి బెల్లము దేశమున పేరెన్నికగన్నది. చెఱకురసమును పెనములో కాచునప్పుడు మడ్డి పైకి దేలును; దానిని తీసివేయుటకు బెండమొక్క జిగురు వాడుట పెద్దల నాటి యెఱుక. శాస్త్రజ్ఞులును దానినే మెచ్చుకొని, రసాయనములు వాడవలదని బోధించుచున్నారు. బోధ సత్యమే. కాని యంగడిలో జరుగునదేమి? పచ్చగా తళతళలాడు దిమ్మకు ఎక్కువ ధర, నల్లని దిమ్మకు తక్కువ ధర. అందుచేత పెనమువద్దనే హైడ్రోసు అను రసాయనము చల్లి రంగు తేల్చుచున్నారు. ఆ రంగు కొన్నినాళ్ళకు మాఱిపోవును, గంధకపుటవశేషము మాత్రము తినువాని కడుపులోనికి పోవును. రైతునకు ఈ సంగతి తెలియదా? తెలియును. తన యింటికి ఉంచుకొను బెల్లములో ఆ పొడి వేయడు. అతనికి గావలసినది జ్ఞానోపదేశము కాదు. నల్లబెల్లమునకు న్యాయమైన ధర. అది రసాయనశాస్త్రజ్ఞుడు తీర్పజాలని చిక్కు. అర్థశాస్త్రజ్ఞుడు, వర్తకుడు, ప్రభుత్వము కూర్చుండి తీర్పవలసినది. ఇన్నేండ్లుగా విశ్వవిద్యాలయములోని రసాయనశాఖయు అర్థశాస్త్రశాఖయు ఈ బెల్లపుదిమ్మను నడుమ బెట్టుకొని యొక్కపూట కలిసి కూర్చుండెనా? పండుగనాటి పటములో "రసాయనరహిత బెల్లము" అని వ్రాయుట సులువు. "మా మాట రైతు వినలేదు, వినకపోవుటకు అతనికి తగిన కారణము కలదు" అని వ్రాయుటకు గుండె గావలెను. అట్టి పటమొక్కటి కనబడిననాడు మేము స్వయముగ పోయి దండవేయుదుము.

ఈలోగా చెఱకే తగ్గిపోవుచున్నది. తుమ్మపాల, తాండవ, ఏటికొప్పాక సహకార చక్కెరమిల్లుల గానుగాట ఈ పదిపండ్రెండేండ్లలో ఒకదానివెంట నొకటి ఆగిపోయినది. కొట్టుడుకూలి పెరిగి, బకాయిలు రాక, రైతు తోట దున్ని సరుగుడు వేయుచున్నాడు. నూఱేండ్ల పైబడిన చెఱకు పరిశోధనాస్థానము గల జిల్లాలో చెఱకు ఏల తగ్గినదో, దాని నెట్లు నిలుపవలెనో చెప్పుట పరిశోధన గాదా?

ఇక ఏటికొప్పాకకు వత్తము. ఉపమాకకు అనతిదూరమున, వరాహనది యొడ్డున నున్న యా గ్రామమున అంకుడుకఱ్ఱను తరిణె పట్టి లక్కపూతతో బొమ్మలు చేయుదురు. నడుమ కొంతకాలము అంగడిరంగులు వచ్చి చేరినవి. పిల్లలు నోట బెట్టుకొను బొమ్మలకు అవి తగవని తలచి, ఆ గ్రామపు సి. వి. రాజుగారు ఆకులు, బెరడులు, వేళ్ళు, గింజలు పరీక్షించి చెట్టురంగులను తిరిగి నిలబెట్టిరి. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చినది. ఇది పరిశోధన గాక మఱేమి? ఏ రంగు ఏ లక్కతో కలియునో, ఏ వేడికి నిలుచునో పనివారి చేతులకు దెలిసిన విద్య యది. మన పండుగలలో విజ్ఞానము విశ్వవిద్యాలయమునుండి పల్లెకు కాలువనీటివలె దిగివచ్చునని చూపుదురు. ఏటికొప్పాకయందు అది పల్లెలోని ఊటబావినుండియే పైకి వచ్చినది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి కొండలలో సవరల నడుమ కూర్చుండి వారి భాష నేర్చి, వారి బిడ్డలకు బడులు పెట్టి, ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును సమకూర్చినప్పుడు ఎవరు గురువు, ఎవరు శిష్యుడు? (ఈ పత్రిక వ్రాయు గ్రాంథికమును జూచి పంతులుగారి శిష్యులు నవ్వుదురేమో, నవ్వనిండు. పంతులుగారి పట్టుదల మాకును పూజ్యమే.)

ఇప్పుడు సముద్రపుటొడ్డునకు వత్తము. మా కలము వణకుచోటు ఇదియే.

ఉపమాక నక్కపల్లి మండలములోనిది. కొలదిమైళ్ళ దూరమున సముద్రము. ఆ తీరమునకు మందుల ముడిసరకుల పరిశ్రమవాటిక వచ్చుచున్నది. 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్టణమునుండి దానికి శంకుస్థాపన చేసిరి. 2025లో రాజయ్యపేట మత్స్యకారులు దానికి వ్యతిరేకముగ ఆందోళన సలిపిరి. వాటిక వలదని మేమిప్పుడు తీర్పు చెప్పుటలేదు. మందుల ముడిసరకులకు పరదేశముల గుమ్మముకడ నిలువకుండుట దేశమునకు మేలే. పని లేక వలసపోవు యువకులకు ఊరిలో పని దొరకుటయు మేలే. కాని జాలరి యడుగుచున్న ప్రశ్నలో రాజకీయమేమున్నది? ఈ గొట్టములోనుండి ఏమి పాఱును, ఎంతదూరము పోవును, ఏ నెలలో ఏ ప్రవాహము దానిని తిరిగి మా వలలోనికి తెచ్చును, మా బావినీరు పదేండ్ల తరువాత త్రాగదగునా? ఇవి శుద్ధమైన శాస్త్రప్రశ్నలు.

ఈ ప్రశ్నలు వేయుటకు జాలరికి హేతువులు లేకపోలేదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖ పొలిమేరలోని వెంకటాపురమున స్టైరీను వాయువు వెలువడి 12 మంది మరణించిరి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురమున మందుల కర్మాగారములో ప్రేలుడు సంభవించి 17 మంది కడతేరిరి. రెండును ఈ తీరముననే. రెండును వాల్తేరు విద్యాపీఠమునకు దూరమున గావు.

మఱి సముద్రశాస్త్రమున ఆంధ్రవిశ్వవిద్యాలయము క్రొత్తదా? 1952లో లాఫాండు అను నమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు వాల్తేరు వచ్చి మన విద్యార్థులతో గలిసి బంగాళాఖాతపు నీటిని కొలిచెను. ఏ కాలమున చల్లనినీరు అడుగునుండి పైకి వచ్చునో, తీరము వెంబడి ప్రవాహము ఎటు తిరుగునో నాటినుండియు మన పండితులు వ్రాయుచునే యున్నారు. ఆ వ్రాతలు ఎచ్చట నున్నవి? ఆంగ్లపత్రికలలో, బీరువాలలో. రాజయ్యపేట జాలరికి ఆ ప్రవాహము పేరుపెట్టి తెలియును. తాతనాటినుండి దానిమీదనే బ్రదుకుచున్నాడు. పండితునికి దాని వేగము అంకెలలో తెలియును. ఇరువురును ఒక చాపపై కూర్చుండి మాటలాడినచో గొట్టమునుగూర్చిన సత్యము ఒక్కనెలలో తేలును. వారిని కలుపువాడు లేడు. నడుమ వచ్చువారు కంపెనీ నియమించిన నివేదకులు, ప్రభుత్వము పంపిన పోలీసులు. విశ్వవిద్యాలయము మాత్రము తటస్థముగ నున్నానని చెప్పుకొనును. గాయపడినవాడు వైద్యుని పిలిచినప్పుడు తటస్థముగ నుండు వైద్యుని ఏమందుము?

ఆంధ్రవిశ్వవిద్యాలయము ఏ పునాదిపై లేచినదో మఱువరాదు. తెలుగువారికి తమదియైన విద్యాపీఠము కావలెనని ఆంధ్రోద్యమము కోరెను. ఆ కోరికకు ఫలముగ 1926లో అది బెజవాడయందు పుట్టి 1930లో వాల్తేరు చేరినది. జయపురము మహారాజు విక్రమదేవవర్మగారి దానము దానిని పోషించినది. ప్రథమోపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డిగారు 1930లో ఆంగ్లప్రభుత్వపు దమననీతికి నిరసనగ తమ పదవినే త్యజించిరి. ఆనాడు విద్యాపీఠపు పెద్దకు దేశము బాధపడునప్పుడు తటస్థత తోచలేదు. 1933లో రవీంద్రుడు వాల్తేరు వచ్చి మానవుని గూర్చి యుపన్యసించెను. ఆ రవీంద్రుడే 1922లో శాంతినికేతనపు ప్రక్కన, సురుల్ గ్రామమున శ్రీనికేతనమును స్థాపించి, ఎల్మ్‌హర్‌స్టు అను నాంగ్లేయ వ్యవసాయజ్ఞుని నిలిపి గ్రామపునరుద్ధరణకు పూనుకొనెను. శ్రీనికేతనపు వార్షికోత్సవము మాఘమున మేళాగా జరుగును. అందు చుట్టుపట్ల రైతులు తమ పంటలను, పనివారు తమ చేతిపనులను తెచ్చి చూపుదురు. విద్యాపీఠపు పండుగయనిన మనకు దేశములోనే యున్న మాదిరి యది. దానిని విడిచి సీమపందిళ్ళ వంక జూడనేల?

2026తో ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు నూఱేండ్లు నిండినవి. నూఱేండ్ల పండుగకు మేము చెప్పు స్థలము ఉపమాక.

గరుడాద్రిపై వేంకటేశ్వరుడు వెలసిన యా గ్రామమున ఫాల్గునమాసములో స్వామికి కల్యాణోత్సవము జరుగును. తీర్థము చూచుటకు చుట్టుప్రక్కల రైతు, జాలరి, నేతగాడు, కూలి, వ్యాపారి అందఱును వత్తురు. వారిని పిలువబనిలేదు, బస్సులు పెట్టి తోలుకొని రాబనిలేదు, భోజనపు పొట్లములు పంచబనిలేదు. గుడియావరణలోనికి పటములు తేవలదు. తీర్థపుటంగళ్ళ చెంత, ఏ మతమువాడైనను నిలిచి వినదగిన చోట, నాలుగు తాటాకు పందిళ్ళు చాలును. వ్యవసాయ విశ్వవిద్యాలయపు కిసాన్ మేళాలకు రైతులు వత్తురు, విత్తనములు కొని పోవుదురు. అది మంచి యాచారమే. కాని అచ్చట రైతు అతిథి. ఉపమాకలో పండితుడు అతిథి కావలెను.

పరిశోధకుడు తెలుగున మాటలాడవలెను. స్టైరీనునకు, గంధకమునకు తెలుగుమాట దొరకనిచో అక్కడి జనుల నడిగి నేర్చుకొనవచ్చును. సఫలమైన పని పక్కనే విఫలమైన పనిని గూడ చూపవలెను. జనులు వేయు ప్రతి ప్రశ్నను ఊరిపేరుతో నొక పుస్తకమున వ్రాసి, మఱుసటి ఫాల్గునమున అదే పందిటిలో జవాబు చదువవలెను. జవాబు దొరకనిచో దొరకలేదని చదువవలెను. తీర్పరులుగ ఒక చెఱకురైతు, ఒక జాలరి, ఒక బొమ్మలపనివాడు, ఒక ఆశా కార్యకర్త, ఒక బడిపంతులు కూర్చుండవలెను. వారి తీర్పు ఆచార్యుని యుద్యోగోన్నతికి చేరు కాగితములలో చేరవలెను. ఈ చివరిమాట విని పలువురు ఉలికిపడుదురు. ఉలికిపడువారే పండుగనాడు పటముమీద ప్రజాప్రయోజనము అని పెద్దయక్షరములతో వ్రాయుచున్నారు.

శాస్త్రము పామరునకు అర్థము కాదందురు. సాంబమసూరి యర్థమైనవానికి ఉప్పునీరు అర్థము కాదా? శుద్ధగణితమును, నక్షత్రములను పరిశోధించువారి గతి యేమనియు అడుగుదురు. వారు తీర్థమునకు రానక్కరలేదు. జ్ఞానము జ్ఞానముకొఱకే వెదకువాని తపస్సును భంగపఱచుట మా యభిమతము కాదు. అట్టివానిచేత గూడ బలవంతముగ సాంఘికప్రయోజన మని పటము వ్రాయించుచున్నది నేటి పండుగయే. ప్రయోజనము కలదని తానై చాటువాడే పరీక్షకు నిలువవలెను.

వాల్తేరునుండి ఉపమాకకు జాతీయరహదారిమీద రెండుగంటల ప్రయాణము. రాబోవు ఫాల్గునమునకు ముందే ఆంధ్ర, రంగా విశ్వవిద్యాలయముల ఉపకులపతు లిరువురును తమ పాలకమండలుల యెదుట ఈ తీర్మానము పెట్టుదురా, పెట్టరా యని బహిరంగముగ అడుగుచున్నాము. ప్రశ్నలు వ్రాసికొను పుస్తకమును వారు వెంట తేనక్కరలేదు, తీర్థపుటంగడిలో దొరకును.